మ్యాచింగ్ సెంటర్‌లో

కలవని రంగు చూపించు బాబూ, అన్నాను.
కుర్రాడు నా మొహంలోకి చూసి, ఓనరు కేసి చూసి,
మళ్ళీ చీర కేసి చూశాడు.
అప్పటికే కౌంటరు నిండా పధ్నాలుగు పచ్చలు పరిచాడు పాపం:
చిలకపచ్చ, నాచుపచ్చ, మామిడిపిందె పచ్చ,
ఇంకా ఎవరూ పేరు పెట్టనిదొకటి.
అంచు పట్టుకుని ట్యూబులైటు కిందికోసారి,
పూర్ణా మార్కెట్ ఎండలోకోసారి నడిచొచ్చాడు.
"ఇదైతే అచ్చు దిగిపోద్ది మేడమ్."
అచ్చు దిగిపోవడమే నాయనా, నా బాధ.

పోర్టు బిల్లుల సెక్షన్లో ఇరవై ఏడేళ్ళుగా
నా పని కలపడం.
దిగిన టన్నులూ ఎక్కిన టన్నులూ,
ఈ పక్క మొత్తం, ఆ పక్క మొత్తం.
పైసా తేడా వస్తే అన్నం సయించదు.
అయిదున్నరకి రిజిస్టరు మూసేశాక
ఒంటిమీద కూడా లెక్క కుదరాలంటే
నా వల్ల కాదు.

కుడి చెవికున్న ఇత్తడి రింగు హుకుంపేట సంతలోది.
రెండోదేదమ్మా అంటే
"అది నాది" అంది, ఇవ్వలేదు.
ఎడమ చెవికి బామ్మ రాళ్ళ దుద్దు పెట్టుకుని తిరుగుతున్నాను.
ఏ కొండ మీదో నా జత
ఆవిడ చెవిని ఊగుతూ ఉంటుంది.
ఆవిడ రెండో చెవికేముందో
అడగనే లేదు.

బూట్లు ఏ ఓడ దిగొచ్చాయో,
వన్‌టౌన్ పాత సామాన్ల కొట్లో తూకానికి దొరికాయి.
లోపలి అట్ట మీద, చదవలేని లిపిలో, ఎవరిదో పేరు.
పొందూరు ఖద్దరు చీర కింద అవి టకటకమంటుంటే
ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో ఓ పెద్దావిడ
"నాటకానికేటమ్మా?" అంది.
కాదమ్మా, ఆఫీసుకి.
"అదీ అంతేలే" అంది, జరిగి చోటిస్తూ.

తెలుపుతో మాత్రం నాకు మాటల్లేవు.
చెంగల్రావుపేట డాబా మీద
అమ్మ ఉతికారేసిన దుప్పట్లు
సాయంత్రానికి బొగ్గు పొడి పట్టి బూడిద పిల్లులయ్యేవి.
మళ్ళీ ఉతికేది. మళ్ళీ ఆరేసేది.
మచ్చ లేకుండా బతకాలన్న పట్టుదలే తప్ప
ఒక్క పసుప్పచ్చ దుప్పటి కొనుక్కోవచ్చని
ఆమెకి ఎవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
కిటికీలెగిరి బీరువాలు నానిపోయాక
వీధంతా దొరికింది తొడుక్కుంది.
"కొంచెం పద్ధతిగా రండమ్మా" అని ఏడాదికోసారైనా అనే
మా సూపరింటెండెంటు గుంపస్వామి గారు
కొడుకు క్రికెట్ బనీను, పంచె,
నెత్తిన మనవరాలి రెయిన్‌కోటు టోపీతో
నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని
నన్ను చూసి హాయిగా నవ్వారు.
వారం రోజులు ఊరంతా నా చుట్టాలే.
తరవాత కరెంటొచ్చింది.
ఇస్త్రీ పెట్టెలు వేడెక్కాయి.

అన్ని రోజులూ ధైర్యం ఉండదు.
లోపలేమీ లేకే
ఇన్ని తగిలించుకున్నానా అని
అద్దం ముందు చేతులు ఆగిపోయే పొద్దులున్నాయి.
అప్పుడు అన్నీ విప్పి మంచం మీద పెడతాను.
కాఫీ చల్లారేదాకా చూస్తాను.
మళ్ళీ ఒక్కొక్కటే,
ఏది ముందు పిలిస్తే అది.

కుర్రాడు స్టూలెక్కాడు.
పై అరలో చివరినుంచి దుమ్ముతో సహా ఓ తాను లాగాడు.
లంగరు తుప్పుకీ పుట్టతేనెకీ మధ్య
ఏదో రంగు.
"మూడేళ్ళుగా ఎవరూ తీసుకోట్లేదండి."
ఆగి, ఓనరుకి వినబడకుండా,
"నాకు మట్టుకు ఇష్టం" అన్నాడు.
మీటరు కొలిచి, కత్తెరతో కొంచెం గాటు పెట్టి
మిగతాది చేత్తో చర్రున చించాడు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి
"ఆవిడికేటి కలిసిందిరా?"
"ఏటీ కలవలేదన్నా.
బాగుంది."